పాత సీ3 కార్వెట్ వెనక లైట్లు: సమస్య - పరిష్కారం

1968 నుంచి 1982 దాకా వచ్చిన మూడో తరం (సీ3) షెవర్లే కార్వెట్‌కి బాడీ అంతా ఫైబర్‌గ్లాస్. వెనక లైట్ల తిప్పలు చాలావాటికి మూలం అక్కడే ఉంది. ఇనప బాడీ ఉన్న కారులో లైటుని స్క్రూతో బిగిస్తే బాడీయే ఎర్త్ అయిపోతుంది. ఫైబర్‌గ్లాస్‌లో కరెంటు పారదు. అందుకే ప్రతి లైటు దగ్గర్నుంచీ నల్ల వైరు దారి పట్టి కింద ఉన్న ఇనప ఫ్రేము దాకా చేరాలి. యాభై ఏళ్ల వానకి, చలికాలంలో మంచు కరగడానికి రోడ్డు మీద చల్లే ఉప్పుకి ముందు చెడేది ఆ కొసే. బల్బో, స్విచ్చో, ఎల్ఈడీలో కొనేముందు ఎర్త్ చూడండి.

చేతిలో ఉండాల్సినవి: వైరులో కరెంటు ఉంటే వెలిగే టెస్ట్ ల్యాంపు, మల్టీమీటరు, రెండు చివర్లా క్లిప్పులున్న మూడు మీటర్ల వైరు. రంగులు గుర్తుంటే పని సగం తేలిక. గోధుమ రంగు వైరు పార్కింగ్ లైటుకి, పసుపు ఎడమ బ్రేక్-ఇండికేటర్‌కి, ముదురు ఆకుపచ్చ కుడి బ్రేక్-ఇండికేటర్‌కి, లేత ఆకుపచ్చ రివర్స్ లైటుకి, నలుపు ఎర్త్‌కి. మధ్యలో ఎవరైనా వైరింగ్ కదిపి ఉండొచ్చు, కాబట్టి రంగు చూశాక ల్యాంపు పెట్టి కూడా ఖాయం చేసుకోండి.

సమస్య: బ్రేక్ తొక్కితే లైటు పెరగాల్సింది పోయి తగ్గుతోంది. లేదా ఇండికేటర్ వేస్తే పక్క లైట్లు కూడా మసగ్గా కొట్టుకుంటున్నాయి.

కారణం ఎర్త్ పోవడమే. ఇందులో ఉండేది 1157 నంబరు బల్బు. ఒకే గాజులో రెండు ఫిలమెంట్లు: సన్నది పార్కింగ్‌కి, సుమారు 8 వాట్లు, లావుది బ్రేక్‌కి, సుమారు 27 వాట్లు. రెండింటికీ ఎర్త్ ఒకటే, బల్బు ఇత్తడి తొడుగు. ఆ తొడుగు నుంచి ఫ్రేముకి దారి మూసుకుపోతే, లావు ఫిలమెంట్‌లోకి వచ్చిన కరెంటు సన్న ఫిలమెంట్ గుండా వెనక్కి తిరిగి, గోధుమ రంగు వైరు పట్టుకుని మిగతా లైట్ల ఎర్త్‌కి చేరుతుంది. అందుకే సంబంధం లేని లైట్లు మిణుకుమంటాయి. స్విచ్ పోయిందనుకుని స్టీరింగ్ కాలమ్ విప్పేది ఎక్కువగా ఇక్కడే.

పరీక్ష రెండు నిమిషాల పని. ఒకరు బ్రేక్ తొక్కి పట్టుకోవాలి. మల్టీమీటరు డీసీ 20 వోల్టుల మీద పెట్టి, ఒక కొస బల్బు హోల్డర్ లోహానికి, రెండోది ఫ్రేము మీద గీకి తెల్లగా చేసిన చోట ఆనించండి. 0.1 వోల్టు లోపు చూపిస్తే ఎర్త్ బాగుంది. 0.2 దాటితే మరమ్మతు చేయాల్సిందే. క్లిప్పుల వైరుతో హోల్డర్‌ని నేరుగా ఫ్రేముకి కలపగానే లైటు భగ్గుమంటే ఇక అనుమానం అక్కర్లేదు.

పరిష్కారానికి ముందు బ్యాటరీ నెగటివ్ తీసేయండి. సీ3లో బ్యాటరీ సీట్ల వెనక అరలో ఉంటుంది. ఒక్కో హోల్డర్ నుంచి 1.5 చదరపు మిల్లీమీటర్ల నల్ల వైరు తెచ్చి, అన్నింటినీ 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరుకి కలిపి ఫ్రేముకి దించండి. నాలుగు బ్రేక్ ఫిలమెంట్లు ఒక్కసారి వెలిగితే 8 ఆంపియర్లు దాటుతుంది, ఉమ్మడి వైరు లావుగా ఉండాల్సింది అందుకే. ఫ్రేము మీద రూపాయి బిళ్లంత చోట పెయింటు, తుప్పు పోయి ఇనుము మెరిసేదాకా గీకండి. రింగు లగ్గు (వైరు కొసకి నొక్కి బిగించే లోహపు ఉంగరం), పళ్లున్న వాషర్, బోల్టు, ఈ వరసలో బిగించి, పైన పెయింటు పూయండి. పెయింటు ముందే పూసి దానిమీద లగ్గు బిగిస్తే చేసిందంతా వృథా.

సమస్య: ఒక్క లైటే వెలగడం లేదు, లేదా తడితే వెలుగుతోంది.

బల్బు తీసి హోల్డర్ లోపల చూడండి. పచ్చగా చిలుము పట్టి ఉంటుంది, లేదా అడుగున స్ప్రింగు సత్తువ పోయి బల్బు కింది సీసపు బొడిపెలకి అందదు. బొడిపెలు నొక్కుకుపోయి మధ్యలో చిన్న నల్ల గుంట కనిపిస్తే అక్కడ కరెంటు చిటపటలాడిందన్నమాట. చిలుముని సన్న ఇత్తడి బ్రష్షుతో, కాంటాక్ట్ క్లీనర్‌తో తీసి, ఆరాక డైఎలెక్ట్రిక్ గ్రీజు పల్చగా రాయండి. ఆ గ్రీజులో కరెంటు పారదు, అది తేమని ఆపడానికే. అందుకని గడ్డలా పెట్టకండి. స్ప్రింగు చచ్చిపోతే సాగదీసి బతికించడం నెల రోజుల ముచ్చట. హోల్డర్ అడుగు వైర్లతో సహా కొత్తది దొరుకుతుంది, అదే వేయండి. అతుకు దగ్గర క్రింపు చేసి (లోహపు గొట్టంలో వైర్లు పెట్టి నొక్కి), వేడికి ముడుచుకునే గొట్టం తొడగండి. ఉత్త టేపు వేసవికి జిగురు వదిలేస్తుంది.

1157కి పక్కనున్న రెండు పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు, తిరగేసి పెట్టకుండా ఆపేది అదే. అరిగిన హోల్డర్‌లో బలవంతం చేస్తే తిరగబడి కూడా కూర్చుంటుంది. అప్పుడు పార్కింగ్ లైటు మరీ ఎక్కువగా, బ్రేక్ మరీ తక్కువగా వెలుగుతుంది. ఒకే ఫిలమెంట్ ఉండే 1156 బల్బు పెడితే ఇంకా చెడు. దానికి అడుగున ఒకటే బొడిపె, అది రెండు కాంటాక్టుల్నీ కలిపేస్తుంది. బ్రేక్ తొక్కగానే డాష్‌బోర్డ్ దీపాలు వెలిగాయంటే ముందు ఈ బల్బు నంబరు చదవండి.

సమస్య: పార్కింగ్ బాగానే ఉంది, బ్రేక్ లైట్లు అసలు లేవు.

ఫ్యూజు చూశాక బ్రేక్ పెడల్ మీదున్న స్విచ్ దగ్గరికి వెళ్లండి. నారింజ వైరులో ఎప్పుడూ కరెంటు ఉండాలి, తెల్ల వైరులో తొక్కినప్పుడే రావాలి. నారింజలో ఉండి తెల్లదాంట్లో రాకపోతే స్విచ్ జరిగింది లేదా పోయింది. పెడల్ ఒక సెంటీమీటరు కదిలేసరికి లైటు వెలిగేలా సర్దండి. కాలు తీసినా వెలుగుతూనే ఉంటే స్విచ్ పుల్ల పూర్తిగా లోపలికి పోవడం లేదు. అలా వదిలేస్తే ఒక్క రాత్రిలో బ్యాటరీ ఖాళీ.

తెల్ల వైరులో కరెంటు ఉన్నా వెనక్కి చేరకపోతే దోషం స్టీరింగ్ కాలమ్‌లోని ఇండికేటర్ స్విచ్‌ది. ఈ కారులో బ్రేక్ కరెంటు ఆ స్విచ్ గుండానే పోవాలి, ఎందుకంటే బ్రేక్‌కీ ఇండికేటర్‌కీ ఎర్ర లైటులో ఒకే ఫిలమెంట్. ఒక వైపే బ్రేక్ లేకపోయినా ముందు అనుమానించాల్సింది దీన్నే. కాలమ్ అడుగున ఉన్న కనెక్టర్‌లో తెలుపు, పసుపు, ముదురు ఆకుపచ్చ మూడూ పక్కపక్కనే దొరుకుతాయి. ఇండికేటర్లన్నీ ఒకేసారి కొట్టుకునేలా చేసే హజార్డ్ నాబ్ పదిసార్లు లోపలికీ బయటికీ ఆడించి చూడండి. లైటు తిరిగొస్తే కాంటాక్టులు మురికిపట్టాయి. కొన్నాళ్లు నడుస్తుంది గానీ, బ్రేక్ లైటు విషయంలో ఆ నమ్మకం పెట్టుకోవద్దు, స్విచ్ మార్చండి. ఈ కార్లకి మధ్యలో మూడో బ్రేక్ లైటు లేదు. అమెరికాలో అది 1986 మోడళ్ల నుంచే తప్పనిసరి అయింది.

సమస్య: ఎల్ఈడీ బల్బులు వేశాక ఇండికేటర్ కొట్టుకోవడం లేదు.

ఇండికేటర్‌ని కొట్టుకునేలా చేసేది ఫ్లాషర్. పాత ఫ్లాషర్ లోపల బల్బు కరెంటుకి వేడెక్కి వంగే లోహపు పట్టీ ఉంటుంది. 2.1 ఆంపియర్ల బల్బు తీసి దాంట్లో పదో వంతు కూడా లాగని ఎల్ఈడీ పెడితే పట్టీ వేడెక్కదు, లైటు అలాగే నిలిచిపోతుంది. 6 ఓమ్, 50 వాట్ల రెసిస్టర్ కలపమని చాలామంది చెబుతారు. అది వెలిగినంతసేపూ 30 వాట్ల దాకా వేడి కక్కుతుంది. చుట్టూ ఉన్నది ఫైబర్‌గ్లాస్, ప్లాస్టిక్. ఈ కారులో ఆ దారి వద్దు. ఎల్ఈడీకి పనిచేసే ఎలక్ట్రానిక్ ఫ్లాషర్ వేయండి. దానికి చాలాసార్లు ఎర్త్ వైరు తోక ఒకటి ఉంటుంది, దాన్ని కలపడం మరవకండి. ఇండికేటర్‌కీ హజార్డ్‌కీ వేర్వేరు ఫ్లాషర్లు, రెండూ మార్చాలి.

ఎర్ర లెన్సు వెనక ఎర్ర ఎల్ఈడీయే పెట్టండి. తెల్లదాని వెలుగులో ఎరుపు కాని భాగాన్ని లెన్సు మింగేస్తుంది. బిగించాక పట్టపగలు పది మీటర్ల వెనక నిలబడి చూడండి: పార్కింగ్ వెలుగుతుండగా బ్రేక్ తొక్కితే తేడా కొట్టొచ్చినట్టు తెలియాలి. తెలియకపోతే ఆ బల్బులు ఎంత ఖరీదైనవైనా తీసేయండి. నల్ల పొర అంటించిన లెన్సులకీ ఇదే పరీక్ష.

1968 నుంచి 1971 దాకా కార్లలో ఇంకో సంగతి. లైటు వెలుగుతోందో లేదో డ్రైవరుకి తెలియడానికి వెలుగుని మోసే ఫైబర్ ఆప్టిక్ తీగలు వెనక నుంచి సీట్ల మధ్యనున్న కన్సోల్ దాకా వస్తాయి. లైటు వెలిగినా కన్సోల్‌లో చుక్క రాకపోతే తీగ కొస మసిబారింది, లేదా గూట్లోంచి ఊడింది. తుడిచి, అవసరమైతే కొత్త బ్లేడుతో కొసని తీగకి అడ్డంగా, తిన్నగా కోసి మళ్లీ దూర్చండి. ఎల్ఈడీ వెలుగు ఒకే వైపు పడుతుంది, తీగ ఉన్న మూలకి చేరకపోవచ్చు. ఆ చుక్కలు కావాలంటే చుట్టూ వెలుగు చిమ్మే రకం తీసుకోండి, లేదా మామూలు 1157 ఉంచండి.

సమస్య: లెన్సు లోపల తేమ, మసక వెలుగు.

లెన్సు అంచున నీళ్లు ఆపే గ్యాస్కెట్ గట్టిపడి ఉంటుంది, కొత్తది వేయండి. స్క్రూలు చేత్తో బిగుసుకున్నాక అర చుట్టు చాలు, మించితే లెన్సు స్క్రూ దూరే చోట విరుగుతుంది. హౌసింగ్ (లైటు గూడు) లోపలి వెండి పూత రాలిపోతే మెరిసే తెల్ల పెయింటు రెండు పల్చటి పూతలు వేయండి, హోల్డర్ లోహానికి మాత్రం ముందే టేపు చుట్టండి, లేకపోతే ఎర్త్ మళ్లీ పోతుంది. లెన్సు పైన గీతలుంటే 1500, 2000, 3000 నంబరు గరుకు కాగితాలతో నీళ్లు పోస్తూ వరసగా రుద్ది ప్లాస్టిక్ పాలిష్ పట్టండి. థిన్నర్, పెట్రోలు తగలనివ్వకండి. సాలెగూడులాంటి పగుళ్లు లోపలికి పాకుతాయి, అవి ఏ పాలిష్‌కీ పోవు.