వ్యాన్‌లో ఫ్రిజ్ ఆగిపోయింది, తప్పు బ్యాటరీది కాదు

మెల్‌బోర్న్ నుంచి గ్రేట్ ఓషన్ రోడ్ మీద బయల్దేరాం. టోర్కీలో సర్ఫింగ్, రాత్రికి జోహానా బీచ్‌లో క్యాంప్. పొద్దున లేచేసరికి ఫ్రిజ్ చప్పుడు లేదు. దోసెల పిండి పొంగి, మూత తోసుకుని కింది అరంతా పాకింది.

ఫ్రిజ్‌కి వ్యాన్‌లో వేరే బ్యాటరీ ఉంది, బండి నడుస్తుంటే అదీ ఛార్జ్ అవ్వాలి. మీటర్ పెడితే 11.4 వోల్టులు. ఇంజిన్ స్టార్ట్ చేశాం. ముందున్న ఇంజిన్ బ్యాటరీ 14.2 చూపించింది, వెనకున్న ఫ్రిజ్ బ్యాటరీ కదల్లేదు. మా ఆయన ఫ్యూజ్ మార్చారు (పాతది బానే ఉంది). "కొత్త బ్యాటరీ కొనాల్సిందే" అన్నారు. నాకు నమ్మకం కుదర్లేదు, అది కొని ఏడాది కూడా కాలేదు.

ఇంజిన్ ఆపకుండానే మీటర్ ఒక తీగని వెనక బ్యాటరీ నెగెటివ్‌కి, రెండోదాన్ని వ్యాన్ బాడీ ఇనుముకి ఆనించాను. సున్నా దగ్గర ఉండాల్సింది దాదాపు 3 చూపించింది. అంటే ఎర్త్ (బ్యాటరీ నెగెటివ్‌ని వ్యాన్ బాడీకి కలిపే వైరు) సరిగ్గా అందట్లేదు.

ఆ వైరుని బాడీకి బిగించే బోల్టు సరిగ్గా వెనక తలుపు కింద ఉంది. పైన మేం తడి వెట్‌సూట్లు (సర్ఫింగ్‌కి వేసుకునే రబ్బరు సూట్లు) ఆరేసే కొక్కెం! ఉప్పునీళ్లు కారీ కారీ బోల్టు చుట్టూ పచ్చటి చిలుం పట్టింది.

ఇంజిన్ ఆపి, రెండు బ్యాటరీల నెగెటివ్ వైర్లూ తీసేసి, వేడినీళ్లలో వంటసోడా కలిపి పాత టూత్‌బ్రష్‌తో తోమాను. గరుకు కాగితంతో ఇనుము మెరిసేదాకా రుద్ది, బోల్టు బిగించి, పైన వాజిలీన్ రాశాను. స్టార్ట్ చేస్తే వెనకదీ 13.9కి ఎక్కింది.

వెట్‌సూట్లు ఇప్పుడు బయట బకెట్‌లో ఉంటున్నాయి. పిండి వాసన మాత్రం ఇంకా పోలేదు.