మూడు చక్రాల బైక్ మొదటిసారి ఎక్కే ముందు

మలుపులో పక్కకు వంగని రకమైతే, బండి తిప్పే అలవాటు ముందు మార్చుకోండి. వేగంలో ఉన్న మామూలు బైక్‌ను ఎడమకు తిప్పాలంటే ఎడమ హ్యాండిల్‌ను ముందుకు నెడతాం. ఇక్కడ అలా నెడితే బండి కుడికి, అంటే ఎదురు లేన్‌లోకి పోతుంది. ఖాళీ స్థలంలో 15–20 కి.మీ. వేగంతో 8 అంకె వేస్తూ చేతులకు నేర్పండి.

మలుపులోకి వెళ్లకముందే వేగం తగ్గించండి, లేకపోతే లోపలి చక్రం లేస్తుంది.

కాలు కింద పెట్టొద్దు. వెనక రెండు చక్రాలుంటే పాదం మీదికే ఎక్కుతుంది.

బ్రేక్ ఎక్కడుందో చూసుకోండి. కాన్-యామ్ స్పైడర్ అనే వంగని రకం బండిలో చేతి బ్రేకే ఉండదు, కాలి పెడల్ ఒక్కటే.

గుంతను రెండు చక్రాల మధ్యకు తీసుకుంటే మూడోది అందులో పడుతుంది.

యమహా నైకెన్ లాంటి వంగే రకం సంగతి వేరు: ఆగితే కాలు పెట్టాల్సిందే, లేదంటే పడిపోతుంది.