పీబీఎం లైసెన్సు ఫైళ్లు హైదరాబాద్ నుంచి చూసేవాళ్లకు

అమెరికాలో బీమా కంపెనీకీ మందుల షాపుకీ మధ్య నిలబడి క్లెయిములు, ధరలు, రిబేట్లు (మందుల కంపెనీలు వెనక్కిచ్చే డబ్బు) నడిపేది ఫార్మసీ బెనిఫిట్ మేనేజర్, అంటే పీబీఎం. దేశమంతటికీ చెల్లే లైసెన్సు దీనికి లేదు. ఏ రాష్ట్రం చట్టం ఆ రాష్ట్రానిదే. మాదాపూర్‌లో కూర్చుని ఈ పని చూసేవాళ్లు ఫారం తెరవకముందే రెండు సంగతులు తేల్చుకోవాలి. ఆ రాష్ట్ర నిర్వచనం కిందికి మీ కంపెనీ వస్తుందా? వస్తే దరఖాస్తు ఏ శాఖకు?

న్యూయార్క్‌లో ఫైనాన్షియల్ సర్వీసెస్ శాఖ చూస్తుంది. 2024 జనవరి 1 నుంచి లైసెన్సు తప్పనిసరి. మిసిసిపీలో బోర్డ్ ఆఫ్ ఫార్మసీ. ఫ్లోరిడాలో 2023 చట్టం ప్రకారం అడ్మినిస్ట్రేటర్‌గా సర్టిఫికెట్ ఆఫ్ అథారిటీ తీసుకోవాలి. కాలిఫోర్నియాలో 2027 జనవరి 1 నుంచి, లేదా లైసెన్సు ఇచ్చే పద్ధతి సిద్ధమైన రోజు నుంచి, ఏది తర్వాతైతే అప్పటి నుంచి మేనేజ్డ్ హెల్త్ కేర్ శాఖ లైసెన్సు ఉండాలి. ఒక రాష్ట్రం ఫైలుకే పేరు మార్చి ఇంకో రాష్ట్రానికి పంపితే వెనక్కి రావడం ఖాయం.

సాధారణంగా అడిగేవి గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్ (కంపెనీ రిజిస్ట్రేషన్ సక్రమంగా నడుస్తోందనే ధ్రువపత్రం), యాజమాన్య చార్ట్, ఆర్థిక నివేదికలు, ఆ రాష్ట్రంలో రిజిస్టర్డ్ ఏజెంట్ (కంపెనీ తరఫున నోటీసులు తీసుకునే మనిషి లేదా సంస్థ) వివరాలు, కొన్నిచోట్ల ష్యూరిటీ బాండ్ (హామీ పత్రం). కంపెనీ పేరు అన్నిటిలో అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉండాలి. ఒకచోట 'ఇంక్', ఇంకోచోట 'ఎల్ఎల్‌సీ' పడితే కొర్రీ వేస్తారు. గుడ్ స్టాండింగ్ సర్టిఫికెట్‌ను అందరూ మొదటే తెప్పిస్తారు. మిగతా కాగితాలు తయారయ్యేసరికి అది పాతబడి మళ్లీ అడుగుతారు, అందుకే చివర్లో తెప్పించడం మేలు.

అసలు తలనొప్పి డైరెక్టర్లు, ఆఫీసర్లు తమ వివరాలపై ప్రమాణం చేసి ఇచ్చే బయోగ్రాఫికల్ అఫిడవిట్లతోనే. చాలా రాష్ట్రాలు వాడే ఎన్ఏఐసీ (రాష్ట్రాల బీమా కమిషనర్ల సంఘం) ఫారంలో 20 ఏళ్ల ఉద్యోగ చరిత్ర రాయాలి. మధ్యలో ఖాళీగా ఉన్న నెలలకూ కారణం చెప్పండి. జవాబు 'లేదు' అయితే 'లేదు' అనే రాయాలి, గడి ఖాళీగా వదలకూడదు. మనవాళ్లు ఎవరైనా ఆఫీసర్‌గా ఉంటే ఇంటిపేరు గొడవ తప్పదు: పదో తరగతి మెమోలో ఒక్క అక్షరం ఇనీషియల్, పాస్‌పోర్ట్‌లో పూర్తి ఇంటిపేరు, కంపెనీ రికార్డులో మొదటి పేరూ చివరి పేరూ తారుమారు. బ్యాక్‌గ్రౌండ్ చెక్‌లో వీళ్లను వేర్వేరు మనుషులనుకుంటారు. ఇదివరకు వాడిన పేర్ల గడిలో ఈ రూపాలన్నీ రాసేస్తే సగం కొర్రీలు తగ్గుతాయి. సంతకం హైదరాబాద్‌లో పెట్టాల్సొస్తే ఇక్కడి నోటరీ సరిపోతుందా, అపోస్టిల్ కూడా కావాలా అని ఆ శాఖను ముందే మెయిల్‌లో అడగండి. అపోస్టిల్ అంటే నోటరీ, రాష్ట్ర ధ్రువీకరణ, విదేశాంగ శాఖ ముద్ర వరసగా పడాలి. దానికి టైమ్ లెక్కేసుకోండి.

గడువుల షీట్‌లో నెలను అంకెల్లో వేయకండి. 03/06 వాళ్లకు మార్చి 6, మనకు జూన్ 3. న్యూయార్క్ సాయంత్రం 5 గంటలంటే మనకు ఎండాకాలంలో తెల్లవారుజామున 2:30, చలికాలంలో 3:30, అదీ మర్నాటి తేదీలో. ఫీజు కట్టడం ఆ రాత్రికి పెట్టుకోవద్దు.

లైసెన్సు వచ్చాకే కష్టమైన పని మొదలవుతుంది. ఆర్కన్సా 2015 నాటి 900వ చట్టం చూడండి: ఆ రాష్ట్రంలో వ్యాపారం చేసే హోల్‌సేలర్లలో కనీసం 60 శాతం మంది దగ్గర కొనుగోలు ధర 10 శాతం లేదా అంతకు మించి పెరిగితే, 7 రోజుల్లోగా మ్యాక్ జాబితా, అంటే జెనరిక్‌కు షాపుకిచ్చే గరిష్ఠ ధరల పట్టిక, మార్చాలి. కొన్న ధర కన్నా తక్కువ చెల్లిస్తే షాపు అప్పీల్ చేసుకోవచ్చు. కాబట్టి ధర ఎప్పుడు మారింది, జాబితాలోకి ఎప్పుడు ఎక్కింది అన్న రెండు తేదీలూ లాగ్‌లో ఉండాలి. తనిఖీకి వచ్చేవాళ్లు అడిగేది అదే.

సొంత నిధులతో నడిచే కంపెనీ ప్లాన్లకు ఎరిసా, అంటే ఉద్యోగుల బెనిఫిట్ ప్లాన్ల ఫెడరల్ చట్టం, ఉంది కాబట్టి రాష్ట్ర చట్టం వర్తించదని సేల్స్ వాళ్లు అంటుంటారు. గుడ్డిగా నమ్మకండి. ఆర్కన్సా చట్టాన్ని 2020 డిసెంబర్‌లో అమెరికా సుప్రీంకోర్టు రట్లెడ్జ్ కేసులో 8-0తో నిలబెట్టింది. ధరల నియంత్రణకు ఎరిసా అడ్డు కాదంది. ఓక్లహోమా నెట్‌వర్క్ (ప్లాన్ కింద ఏ మందుల షాపులు ఉండాలన్న) నిబంధనలను మాత్రం 2023లో టెన్త్ సర్క్యూట్ అప్పీల్ కోర్టు చెల్లవంది, 2025 జూన్‌లో సుప్రీంకోర్టు ఆ కేసును విచారణకు తీసుకోలేదు. అందుకని షీట్‌లో ప్రతి నిబంధన పక్కన 'ధర', 'నెట్‌వర్క్', 'రిపోర్టింగ్' అని ఒక కాలమ్ పెట్టి, ఎరిసా ప్లాన్‌కు వర్తింపు ఆ కాలమ్‌ను బట్టి లీగల్ వాళ్లతో రాయించుకోండి.