నావిగేషన్ పేటెంటుకు రెండో దరఖాస్తు వేసేముందు: డబుల్ పేటెంటింగ్ జాగ్రత్తలు

నావిగేషన్ రంగంలో ఒక ఆవిష్కరణ ఒక్క దరఖాస్తుతో ఆగదు. టన్నెల్లో శాటిలైట్ సిగ్నల్ పోయినా దారి చూపే పద్ధతికి ముందు ఒకటి వేస్తారు. కొన్నాళ్లకు అదే పద్ధతికి, బండి ఫ్లైఓవర్ మీదుందా కింద సర్వీసు రోడ్డులో ఉందా తేల్చే భాగం తోడవుతుంది. ఆ తర్వాత లేన్ గుర్తింపు, దాని వెంట ఇంకో కంటిన్యుయేషన్ (పాత దరఖాస్తు వివరణనూ తేదీనీ వాడుకుంటూ వేసే తరువాయి దరఖాస్తు). ఒకే ఆవిష్కరణకు రెండు పేటెంట్లు అడుగుతున్నారని అమెరికా పేటెంట్ ఆఫీసు డబుల్ పేటెంటింగ్ అభ్యంతరం పెడుతుంది, పాత పేటెంటుతోనే కొత్తదీ ముగుస్తుందని మాట ఇచ్చే టర్మినల్ డిస్‌క్లెయిమర్ అనే ఫారం నింపి పంపుతారు, దాని సంగతి అందరూ మర్చిపోతారు. ఆ ఫారంతో ఏం వదులుకున్నామో పేటెంటు అమ్మేటప్పుడో కోర్టుకు వెళ్లినప్పుడో బయటపడుతుంది. అప్పటికి దిద్దుకునే వీలుండదు. కాబట్టి చూసుకోవలసినవన్నీ రెండో దరఖాస్తు వేయకముందే చూసుకోవాలి.

అభ్యంతరం రెండు రకాలు. మొదటిది అమెరికా పేటెంట్ చట్టం సెక్షన్ 101 కింద వచ్చేది: రెండు దరఖాస్తుల్లోనూ అచ్చంగా ఒకే ఆవిష్కరణను క్లెయిము చేశారని (క్లెయిము అంటే రక్షణ ఎంతవరకు కావాలో చెప్పే వాక్యం). దీన్ని పరీక్షించడం తేలిక. ఒక క్లెయిమును అక్షరాలా ఉల్లంఘిస్తూ రెండోదాన్ని ఉల్లంఘించకుండా ఉండగలిగే ఉత్పత్తి ఒక్కటైనా ఊహించగలిగితే అవి ఒకటే కావు. ఊహించలేకపోతే మాత్రం క్లెయిము తీసేయాలి, లేదా మార్చాలి. ఏ ఫారమూ కాపాడదు. ఇది అరుదు. తరచుగా వచ్చేది రెండో రకం, కోర్టులు తీర్పుల ద్వారా తయారుచేసిన సూత్రం. కొత్త క్లెయిము పాత క్లెయిముకు చిన్నపాటి మార్పే, ఆ రంగం తెలిసినవాళ్లకు అది తట్టేదే, కాబట్టి దాని పేరుతో పేటెంటు గడువు పొడిగించుకోకూడదు అన్నది దాని సారం. ఇక్కడి నుంచి మాట్లాడేదంతా దీని గురించే.

క్లెయిములను పక్కపక్కన పెట్టి చూడండి

ఒక ఉదాహరణ తీసుకుందాం. మొదటి దరఖాస్తు క్లెయిము ఇది: శాటిలైట్ సిగ్నల్ పోయినప్పుడు చక్రాల వేగం, జైరోస్కోపు రీడింగులతో వాహనం ఎక్కడుందో లెక్కగట్టి, దాన్ని మ్యాపులోని రోడ్డుకు సరిపెట్టే పద్ధతి. రెండో దరఖాస్తు క్లెయిము అదే పద్ధతి, అదనంగా బారోమీటరు చూపే పీడనం తేడాను బట్టి ఫ్లైఓవరా, కింది రోడ్డా అని నిర్ణయించడం. ఎనిమిది తొమ్మిది మీటర్లు ఎక్కితే గాలి పీడనం దాదాపు 1 హెక్టోపాస్కల్ తగ్గుతుంది. ఫోన్లలోని బారోమీటర్లు ఈ తేడాను పట్టగలవని ఈ రంగంలో అందరికీ తెలుసు. దరఖాస్తును పరిశీలించే ఎగ్జామినర్ సరిగ్గా ఇదే రాస్తాడు: మొదటి క్లెయిము, దానికి తోడు బారోమీటరు గురించి ఇంకెవరో రాసిన పేపరు, రెండూ కలిపితే మీ రెండో క్లెయిము తట్టేదే.

దీనికి విరుగుడు దరఖాస్తు రాసేటప్పుడే ఉంది. బారోమీటరు వాడాం అని చెప్పి ఊరుకోకండి. ఏసీ వేసినా, అద్దం దించినా, లారీ పక్కనుంచి దూసుకెళ్లినా కారులో పీడనం మారుతుంది. ఆ తప్పుడు మార్పును ఎలా వడగట్టారు, ర్యాంపు వాలుతో పీడనం మార్పు వేగాన్ని ఎలా పోల్చారు, ఎన్ని సెకన్ల విండో తీసుకున్నారు, ఇవి క్లెయిములోకి రావాలి. కొత్తదనం అక్కడుంది. సెన్సారు పేరులో లేదు.

పోలిక క్లెయిముతో క్లెయిముకే జరగాలి. మొదటి దరఖాస్తు వివరణలో బారోమీటరు ప్రస్తావన ఉన్నంత మాత్రాన, ఈ అభ్యంతరానికి దాన్ని పాత జ్ఞానంగా (ముందే బయట ఉన్న సమాచారంగా, అంటే ప్రయర్ ఆర్ట్‌గా) వాడకూడదు. క్లెయిములోని మాటకు అర్థం తేల్చుకోవడానికి మాత్రం చూడొచ్చు. ఎగ్జామినర్ మీ మొదటి వివరణలోని పేరాలను ఎత్తి చూపిస్తే ఆ తప్పును జవాబులో నిలదీయండి.

విశాలమైన క్లెయిము ముందా, ఇరుకైనది ముందా అన్నదీ ముఖ్యమే. ముందు బారోమీటరు అని ఇరుకుగా పేటెంటు తెచ్చుకుని, తర్వాత ఎత్తు కొలిచే సెన్సారు అని విశాలంగా అడిగితే అభ్యంతరం తప్పదు. ఇరుకైనది విశాలమైనదాన్ని మింగేస్తుంది. విశాలమైనది ముందు వచ్చి, ఇరుకైనదానిలో నిజమైన కొత్తదనం ఉంటే వాదించడానికి చోటుంటుంది.

ఇంకో పొరపాటు, పద్ధతికి ఒక దరఖాస్తు, పరికరానికి ఒకటి, సాఫ్ట్‌వేర్ నిల్వచేసిన మాధ్యమానికి మరొకటి విడివిడిగా వేయడం. అమెరికాలో మూల రుసుములోనే 20 క్లెయిములు, వాటిలో 3 స్వతంత్ర క్లెయిములు (వేరే క్లెయిము మీద ఆధారపడనివి) ఇమిడిపోతాయి. ఆ మూడింటికీ ఒకే దరఖాస్తులో చోటుంది. విడదీస్తే అనవసరంగా మూడు పేటెంట్లకు ముడి పడుతుంది.

ఎప్పుడు టర్మినల్ డిస్‌క్లెయిమర్ కూడా పనిచేయదు

కంటిన్యుయేషన్ కాకుండా, పాత తేదీ అడగని కొత్త దరఖాస్తు వేస్తున్నారా? అయితే క్యాలెండరు తీయండి. మొదటి దరఖాస్తు మొట్టమొదటి ఫైలింగ్ తేదీ నుంచి 18 నెలలకు ప్రచురితమవుతుంది. అమెరికాలో సొంత ప్రచురణకు ఒక ఏడాది మినహాయింపు ఉంది. అంటే సుమారు 30 నెలలు దాటాక వేస్తే మీ మొదటి దరఖాస్తు, క్లెయిములే కాదు వివరణ మొత్తం, మీకే అడ్డుగా నిలబడుతుంది. అది ఇక డబుల్ పేటెంటింగ్ కాదు, మామూలు పాత జ్ఞానం. ఎంత డిస్‌క్లెయిమర్ ఇచ్చినా పోదు. భారత్‌లోనూ, యూరప్‌లోనూ సొంత దరఖాస్తు ప్రచురణకు ఈ ఏడాది వెసులుబాటు లేదు. అక్కడ 18 నెలలే లెక్కపెట్టుకోండి.

రెండో సందర్భం ఉద్యోగాలు మారే ఇంజినీర్లకు సూటిగా తగిలేది. ఈ అభ్యంతరానికి యజమాని ఒకడే కానక్కర్లేదు, ఇన్వెంటర్ ఒక్కడు రెండిట్లో ఉన్నా చాలు. 2013లో హబ్బెల్ కేసులో జరిగింది ఇదే. ఇన్వెంటర్లు ఉమ్మడి, సంస్థలు వేరు. యాజమాన్యం ఒకటి కాదు గనక డిస్‌క్లెయిమర్ ఇచ్చే వీల్లేదు, అభ్యంతరం మాత్రం నిలబడింది. మ్యాపులు తయారుచేసే ఒక సంస్థలో మ్యాప్ మ్యాచింగ్ మీద పనిచేసి, కార్ల సంస్థలోకి వెళ్లి అదే గీతను పొడిగిస్తున్నవాళ్లు కొత్తచోట దరఖాస్తు రాయకముందే తమ పాత పేటెంట్ల నంబర్లన్నీ న్యాయవాది చేతిలో పెట్టాలి. రెండు సంస్థలు కలిసి చేస్తున్న పని అయితే, పని మొదలవకముందే సంయుక్త పరిశోధన ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలి. అప్పుడు వేరువేరు యజమానులైనా డిస్‌క్లెయిమర్‌కు దారి ఉంటుంది.

గడువు తేదీల లెక్క

పేటెంటు ఆయుష్షు ఆ వరసలో అమెరికాలో వేసిన మొట్టమొదటి పూర్తి దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు. ఆఫీసు ఆలస్యం చేస్తే, ఉదాహరణకు మొదటి స్పందనకు 14 నెలలు దాటినా, మంజూరుకు మూడేళ్లు దాటినా, ఆ రోజులను కలుపుతుంది. చిక్కంతా ఈ కలిపిన రోజుల దగ్గరే. మొదటి దరఖాస్తు 2020 జనవరి 10న వేశారనుకోండి. అదనపు రోజులేమీ రాకపోతే 2040 జనవరి 10తో తీరిపోతుంది. దాని కంటిన్యుయేషన్‌కు 300 రోజులు కలిస్తే అది 2040 నవంబరు 5 వరకు నడవాలి. 2023 ఆగస్టులో సెలెక్ట్ కేసు తీర్పు ప్రకారం, పోల్చవలసింది ఆ రోజులు కలిపిన తేదీనే. కాబట్టి క్లెయిములు దగ్గరగా ఉంటే కంటిన్యుయేషన్ చెల్లదు, లేదా డిస్‌క్లెయిమర్ ఇచ్చి ఆ 300 రోజులూ వదులుకోవాలి. సెలెక్ట్ సంస్థ డిస్‌క్లెయిమర్లు ఇవ్వలేదు. తీర్పు వచ్చేసరికి పేటెంట్ల గడువే తీరిపోయింది, ఇక ఇవ్వడానికి అవకాశం లేకపోయింది.

ఈ చట్టం మలుపుల్లో హైదరాబాదు పేరు రెండుసార్లు వచ్చింది, నాట్కో, ఎంఎస్‌ఎన్ అనే ఇక్కడి కంపెనీల ద్వారా; రెండూ మందుల కేసులే. 2014లో గిలియడ్, నాట్కో కేసులో ఆలస్యంగా మంజూరైనా ముందుగా గడువు తీరే పేటెంటు రెండోదానికి అడ్డు కావచ్చని తేలింది. 2024 ఆగస్టులో అలర్గన్, ఎంఎస్‌ఎన్ కేసులో దానికి హద్దు గీశారు: ముందు ఫైలై, ముందు మంజూరైన క్లెయిమును, అదే ప్రాధాన్య తేదీతో తర్వాత ఫైలై, తర్వాత మంజూరై, ముందుగా గడువు తీరే సొంత పిల్ల పేటెంటుతో (అదే తల్లి దరఖాస్తు నుంచి పుట్టినదానితో) కొట్టేయలేరు.

దీన్ని నావిగేషన్ దరఖాస్తులకు అన్వయించుకుంటే చేయవలసినవి రెండున్నాయి. మీకు అన్నిటికన్నా విలువైన, విశాలమైన క్లెయిములను మొదటి దరఖాస్తులోనే పెట్టండి. తర్వాత అడగొచ్చులే అని కంటిన్యుయేషన్‌కు దాచిపెడితే అదనపు రోజులు దక్కినా నిలవవు. రెండోది, మొదటిది నలుగుతూ ఉండగా పిల్ల దరఖాస్తును ట్రాక్ వన్‌లో (అదనపు రుసుముతో త్వరగా పరిశీలించే దారిలో) పెట్టి త్వరగా తెచ్చుకోకండి. పిల్ల ముందు మంజూరైతే, ముందు మంజూరైంది అన్న రక్షణ తల్లికి దక్కుతుందన్న భరోసా ఉండదు.

టర్మినల్ డిస్‌క్లెయిమర్ మీద సంతకం పెట్టేముందు

ఈ పత్రంతో రెండు మాటలు ఇస్తున్నారు. ఒకటి, పాత పేటెంటు గడువుతోనే కొత్తదీ ముగుస్తుంది. రెండు, రెండూ ఒకే యజమాని చేతిలో ఉన్నంతకాలమే కొత్తదాన్ని ఎవరి మీదైనా అమలు చేయగలం. ఎక్కువ నష్టం తెచ్చేది రెండో మాట. నావిగేషన్ వ్యాపారాలు చేతులు మారడం మామూలు. టామ్‌టామ్ 2008లో టెలి అట్లస్‌ను కొన్నది, నోకియా 2015లో హియర్‌ను జర్మన్ కార్ల కంపెనీలకు అమ్మింది. ఇలాంటి అమ్మకంలో ఒక పేటెంటును జాబితాలో పెట్టి, దానికి డిస్‌క్లెయిమర్‌తో ముడిపడ్డదాన్ని వదిలేస్తే, ఆ క్షణం నుంచి డిస్‌క్లెయిమర్ ఉన్న పేటెంటును అమలు చేయలేరు. తల్లి సంస్థ పేర ఒకటి, అనుబంధ సంస్థ పేర ఇంకొకటి ఉన్నా వివాదానికి తావిచ్చినట్టే. అసైన్‌మెంట్లన్నీ (యాజమాన్య బదిలీ పత్రాలు) ఒకే పేరు మీదికి తెచ్చాకే సంతకం పెట్టండి.

పేటెంటు నంబరు అంకె అంకె సరిచూడండి. ఎగ్జామినర్ మూడు పేటెంట్లను చూపిస్తే మూడింటినీ పేర్కొనాలి. ఒకదానికి ఇచ్చిన డిస్‌క్లెయిమర్ మిగతావాటికి పాకదు. జవాబులో మా క్లెయిము తట్టేదే అనే అర్థం వచ్చే వాక్యం ఒక్కటీ రాయకండి. డిస్‌క్లెయిమర్ ఇచ్చినంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు, మీ చేతిరాతే ఒప్పుకోలు అవుతుంది. పాత పేటెంటు గడువు తీరిపోయాక ఇచ్చేది పనికిరాదని 2010లో బోరింగర్, బార్ కేసు తేల్చింది. కాబట్టి మంజూరైన పేటెంట్ల జంటల్లో ఎక్కడ ముప్పుందో గడువుకు చాలా ముందే లెక్క తీసుకోండి.

రెండు దరఖాస్తులూ ఇంకా పెండింగులోనే ఉంటే వచ్చేది తాత్కాలిక అభ్యంతరం. దానికీ జవాబు ఇవ్వాల్సిందే. తర్వాత చూస్తాం అని రాస్తే అది పూర్తి జవాబు కాదని ఆఫీసు మాన్యువలే చెబుతుంది. తేడా ఏమిటో వాదించండి. ముందు తేదీ ఉన్న దరఖాస్తులో అన్ని అభ్యంతరాలూ తీరి ఇదొక్కటే మిగిలితే ఎగ్జామినర్ దాన్ని ఉపసంహరించి మంజూరు చేయాలి. ఆ సంగతి గుర్తుచేసి అడగండి.

డివిజనల్ రక్షణ

మీ దరఖాస్తులో రెండు ఆవిష్కరణలున్నాయి, ఒకటి ఎంచుకోండి అని ఎగ్జామినరే అంటే, వదిలినదానికి విడిగా వేసే దరఖాస్తు, అంటే డివిజనల్ మీద ఈ అభ్యంతరం పెట్టకూడదు. సెక్షన్ 121 ఇచ్చే ఈ రక్షణ తేలిగ్గా చేజారుతుంది. అప్లికేషన్ డేటా షీట్‌లో డివిజనల్ అని రాయాలి. కంటిన్యుయేషన్ అని గానీ, కొత్త విషయం చేర్చి కంటిన్యుయేషన్ ఇన్ పార్ట్ అని గానీ వేస్తే పోతుంది. ఎగ్జామినర్ గీసిన గీత దాటి రెండు వైపుల క్లెయిములూ కలిపినా పోతుంది. సెన్సార్ ఫ్యూజన్ (పలు సెన్సార్ల రీడింగులను కలిపి వాడటం) ఒకవైపు, డ్రైవరుకు దారి చూపే స్క్రీన్ ఒకవైపు అని విడదీస్తే, స్క్రీన్ డివిజనల్‌లోకి ఫ్యూజన్ క్లెయిములు తేకండి. మీ అంతట మీరు విడదీసుకున్నదానికి ఈ రక్షణ లేదు.

ఇక్కడి నుంచి వేసేవాళ్లకు

భారత్‌లో నివసిస్తూ అమెరికాలో ముందు వేయాలంటే భారత పేటెంట్ చట్టం సెక్షన్ 39 కింద అనుమతి తీసుకోవాలి, లేదా ఇక్కడ వేసి ఆరు వారాలు ఆగాలి. మన చట్టంలో టర్మినల్ డిస్‌క్లెయిమర్ లేదు. సెక్షన్ 16 ప్రకారం డివిజనల్‌లో తల్లి దరఖాస్తులోని క్లెయిము ఉండకూడదు. మెరుగుదలకు మాత్రం సెక్షన్ 54 కింద పేటెంట్ ఆఫ్ అడిషన్ అనే మంచి దారి ఉంది. అసలు పేటెంటుతో పాటే ముగుస్తుంది, విడిగా రెన్యువల్ ఫీజు ఉండదు, అసలు ఆవిష్కరణతో పోల్చి ఇన్వెంటివ్ స్టెప్ (తేలిగ్గా తట్టని ముందడుగు) లేదన్న ఒక్క కారణంతో తోసిపుచ్చలేరు. పై బారోమీటరు ఉదాహరణకు ఇది చక్కగా సరిపోతుంది. యూరప్‌లో 2021 నాటి జీ 4/19 నిర్ణయం ఒకే దరఖాస్తుదారుకు ఒకే విషయం మీద రెండు పేటెంట్లు ఇవ్వకూడదంటుంది. పరిధి కొంత కలిసినంత మాత్రాన అది వర్తించదు.

చివరిగా ఒక తనిఖీ. అమెరికాలో ఇష్యూ ఫీజు (పేటెంటు జారీకి కట్టేది) కట్టేముందు, మంజూరైన క్లెయిములను డిస్‌క్లెయిమర్ ఇచ్చిన నాటి క్లెయిములతో పోల్చండి. మధ్యలో సవరణలు జరిగి అవి దూరమైపోయి ఉంటే, డిస్‌క్లెయిమర్‌ను పిటిషన్ వేసి వెనక్కి తీసుకోవచ్చు. పేటెంటు జారీ అయ్యాక తీసుకోలేరు.