80 బిట్ల ఫ్లోట్ ఎమ్యులేషన్‌లో డీనార్మల్ లెక్క సరిచేయడం

ఎమ్యులేషన్ అంటే చిప్ చేసే లెక్కను సాఫ్ట్‌వేర్‌తో చేయడం. ఇంటెల్ ఫ్లోటింగ్ పాయింట్ యూనిట్ ఎక్స్87 వాడే ఎక్స్‌టెండెడ్ నంబర్‌లో 1 సైన్ బిట్, 15 ఎక్స్‌పోనెంట్ (ఘాతం) బిట్లు, 64 సిగ్నిఫికాండ్ (అంకెల భాగం) బిట్లు. 64 బిట్ల డబుల్‌లో దాగి ఉండే ముందరి 1 ఇక్కడ బయటికే ఉంటుంది. డీనార్మల్ అంటే ఆ ముందరి బిట్ 0గా ఉండే అతి చిన్న సంఖ్య; తప్పులు ఎక్కువగా ఆ బిట్ దగ్గరే పుడతాయి.

ముందు ఈ భాగాలను విడదీసే అన్‌ప్యాక్ ఫంక్షన్ చూడండి. ఎక్స్‌పోనెంట్ ఫీల్డ్ 0 ఉంటే దాన్ని 1గా తీసుకోవాలి, అంటే ఘాతం -16382. మామూలు సంఖ్యలకు చేసినట్టు ఫీల్డ్‌లోంచి అలవాటుగా 16383 తీసేశారా, విలువ సగమైపోతుంది. సిగ్నిఫికాండ్ సున్నా కాకపోతే ముందున్న సున్నాలు ఎన్నో అన్ని స్థానాలు ఎడమకు జరిపి, ఘాతంలో అంతే తగ్గించండి. ఘాతం మైనస్‌లోకి పోతుంది కాబట్టి సైన్ ఉన్న 32 బిట్ల వేరియబుల్ వాడండి.

మోటరోలా వారి ఫ్లోటింగ్ పాయింట్ చిప్ 68881కి ఇదే కోడ్ పెట్టొద్దు. అక్కడ ఫీల్డ్ 0 అంటే నిజంగానే -16383. అందుకే అతి చిన్న డీనార్మల్ ఎక్స్87లో 2^-16445 అయితే 68881లో 2^-16446.

ఫలితాన్ని తిరిగి 80 బిట్లుగా ప్యాక్ చేసేటప్పుడు కుడికి జరిపితే రాలిపోయే బిట్లన్నిటినీ కలిపి, వాటిలో ఏ ఒక్కటి 1 అయినా 1 అయ్యే ఒక స్టిక్కీ బిట్‌గా దాచాలి. జరపాల్సింది 64 లేదా అంతకు మించితే విడిగా చూడండి; సీ భాషలో 64 బిట్ల సంఖ్యను 64 స్థానాలు జరిపితే ఏమొస్తుందో హామీ లేదు. రౌండింగ్ ఒక్కసారే, జరిపిన తర్వాతే.

ఇప్పుడు అసలు పరీక్ష. ఫీల్డ్ 1, సిగ్నిఫికాండ్‌లో 64 బిట్లూ 1 ఉన్న సంఖ్యను 0.5తో గుణించండి. దగ్గరి విలువకు, సరిగ్గా మధ్యలో ఉంటే సరిసంఖ్యకు రౌండ్ చేస్తే క్యారీ వచ్చి సిగ్నిఫికాండ్ హెక్స్‌లో 8000000000000000 అవుతుంది. అప్పుడు ఫీల్డ్ 1 కావాలి; అండర్‌ఫ్లో, ప్రెసిషన్ ఫ్లాగులు రెండూ లేవాలి. ఫీల్డ్ 0గానే వదిలేస్తే అది సూడో-డీనార్మల్. విలువ సమానమే కాబట్టి పోల్చి చూసే టెస్టు పాసైపోతుంది, లోపం మాత్రం అలాగే ఉంటుంది. కాబట్టి విలువలను కాదు, బిట్లను పోల్చండి.

సరైన జవాబు కోసం ఎక్స్87 కుటుంబపు పాత 387 చిప్ వెతుక్కుంటూ హనుమకొండ చౌరస్తా అంతా తిరగనక్కర్లేదు. కాలేజీ ల్యాబ్‌లో ఇంటెల్ లేదా ఏఎండీ పీసీ మీద 64 బిట్ల లినక్స్, జీసీసీ కంపైలర్ ఉంటే లాంగ్ డబుల్ ఆ 80 బిట్లదే. మెమరీలో 16 బైట్లు తీసుకున్నా మొదటి 10 మాత్రమే పోల్చండి, మిగతా 6 చెత్త. ఇన్‌పుట్లను వోలటైల్ చేయండి, లేకపోతే లెక్క కంపైలరే చేసేస్తుంది.

ఇంకొకటి: 80 బిట్ల డీనార్మల్‌ను మెమరీలోంచి లోడ్ చేస్తే డీనార్మల్ ఫ్లాగ్ లేవదు, 32, 64 బిట్లవి లోడ్ చేస్తే లేస్తుంది.