సకినాలు పేలకుండా, ఇంటిల్లిపాదీ పస్తుండకుండా సంక్రాంతి చేసుకోవడం ఎలా?

మా ఇంట్లో సంక్రాంతి భోగిమంటతో మొదలు కాదు. బియ్యం నానబోసిన రాత్రే మొదలవుతుంది. నల్లగొండకు కాపురానికొచ్చి 28 ఏళ్లయింది. బియ్యప్పిండిని చేత్తో చుట్లుగా చుట్టి నూనెలో వేయించే సకినాలకు, మొదటి రెండేళ్లు వదిలేస్తే ఏటా మా ఇంట్లో పిండి కలిపేది నేనే. ఈమధ్య ఫోన్లో చూసి మొదలుపెట్టినవాళ్లు మూకుడు ముందు నిలబడి నాకు ఫోన్ చేస్తున్నారు. "అక్కా, సకినం నూనెల వెయ్యంగనే పేలుతున్నది, ఏం జెయ్యాలె?" అని. ఆ నిమిషంలో చెయ్యగలిగింది ఒక్కటే, పొయ్యి ఆర్పి దూరం జరగడం. జరగాల్సిన తప్పు పొద్దున్నే జరిగిపోయింది కాబట్టి.

ముందు రోజుల లెక్క

భోగి జనవరి 13న గానీ 14న గానీ వస్తుంది. అక్కడి నుంచి వెనక్కి లెక్కపెట్టండి. సకినాలు భోగికి మూడు రోజుల ముందు. బియ్యం నానబోసేది ఆ ముందు రాత్రి. నువ్వులు, ఓమ (అంటే వాము), నూనె అంతకుముందే ఇంట్లో ఉండాలి.

భోగి ముందురోజు నూనె పని పెట్టుకోవద్దు. ఆ రోజు పిండి గిర్ని దగ్గర తడిబియ్యం బకెట్ల వరస వీధి మలుపు దాకా ఉంటుంది. మన వంతు వచ్చేసరికి బియ్యం ఎండి గలగలలాడతాయి. పైగా హైదరాబాద్ నుంచి పిల్లలు బయల్దేరేదీ ఆ రోజే. విజయవాడ వెళ్లే కార్లన్నీ పంతంగి టోల్‌గేటు దగ్గర బారులు తీరితే, నార్కట్‌పల్లి దగ్గర మనవైపు తిరగాల్సినవాళ్లు కూడా వాళ్ల వెనకే నిలబడాలి. పన్నెండుకు వస్తామన్నవాళ్లు నాలుగింటికి దిగుతారు. దిగేది ఆకలితోనే. అప్పుడు మీ చేతిలో జల్లిగంటె కాదు, అన్నం గంటె ఉండాలి. ఆ రోజుకు చింతపండు పులిహోర చేసి మూతపెట్టండి. ఎంత ఆలస్యమైనా చెడదు, వేడి చెయ్యనక్కర్లేదు, ఎవరొస్తే వాళ్లు పెట్టుకుని తింటారు. కూరలు చేసి నాలుగుసార్లు వేడి చేసేవాళ్లను చూస్తే నాకు జాలేస్తుంది.

మిగతా పూటలకు పెద్ద ఆలోచన అక్కర్లేదు. భోగినాడు నువ్వులద్దిన సజ్జరొట్టె, కలగూర. మా పుట్టిల్లు పాలమూరు వైపు, ఇది అక్కడి నుంచి తెచ్చుకున్న అలవాటు. సంక్రాంతినాడు బచ్చాలు (బొబ్బట్లు), పప్పు, పచ్చిపులుసు. కనుమకు మటన్. ముందురోజు సాయంత్రమే షాపులో చెప్పి పెట్టుకోండి. పొద్దున లేచి వెళ్తే మిగిలేది బొక్కలే.

అరిసెల గురించి ఇక్కడ రాయను. ఆ బెల్లం పాకం వేరే పంచాయితి. మా ఇంట్లో అది మా వదినె చూసుకుంటుంది, నేను అటు తొంగి కూడా చూడను.

కావాల్సినవి

దొడ్డు బియ్యం 2 కిలోలు. వేయించని తెల్ల నువ్వులు 400 గ్రాములు. ఓమ 50 గ్రాములు. ఉప్పు 40 గ్రాముల దాకా, పిండి రుచి చూసి వేసుకోవాలి. పల్లినూనె 2 లీటర్లు. పెద్ద బేసిన్, సన్న జల్లెడ, గంజి పెట్టని పాత నూలు దుప్పట్లు రెండు, మూకుడు, తిప్పడానికి సన్నటి ఇనుప చువ్వ, తీసి వేసుకోవడానికి వెదురు గంప. అంతే. కారం, జీలకర్ర, వెన్న అడిగేవాళ్లు మురుకులు చేసుకోవచ్చు.

బియ్యం మాట ఒక్కటి చెప్పాలి. రేషన్‌లో దొడ్డు బియ్యం వచ్చినన్నాళ్లు ఊరంతా సకినాలు వాటితోనే చేసుకుంది. 2025 ఉగాదికి హుజూర్‌నగర్‌లో సన్నబియ్యం పథకం మొదలుపెట్టారు, ఇప్పుడు అన్నం బాగుంది, కాదనను. కానీ సకినాలకు మాత్రం దొడ్డు బియ్యం విడిగా కొనుక్కోవాల్సి వస్తోంది. సన్నబియ్యంతోనూ అవుతాయి గానీ నాకు నచ్చవు. వానాకాలం పంట కొత్త బియ్యం దొరికితే మరీ మంచిది. సాగర్ ఎడమకాల్వ కింద వడ్లు కోసి, మిర్యాలగూడ మిల్లుల్లో ఆడేసరికి పండుగ దగ్గరపడుతుంది. కొత్త బియ్యం పిండికి జిగురు ఉంటుంది, చుట్టేటప్పుడు తెగదు.

నానబోయడం, పట్టించడం

రాత్రి పడుకునే ముందు రెండుసార్లు కడిగి నానబొయ్యండి. పొద్దున నీళ్లు వంచి, జల్లిబుట్టలో పోసి, చుక్క కారడం ఆగేదాకా ఉంచండి. తర్వాత బట్ట మీద పావుగంట ఆరబెట్టాలి. నీడలోనే. గుప్పిట్లోకి తీసుకుని వదిలితే కొన్ని గింజలు అరచేతికి అంటుకోవాలి, అరచెయ్యి మాత్రం తడిసి మెరవకూడదు. అప్పుడు గిర్నికి. తెచ్చిన పిండిని వెంటనే జల్లించి, బేసిన్‌లో అదిమిపెట్టి, తడిబట్ట కప్పండి. మిక్సీలో పట్టేవాళ్లు కొద్దికొద్దిగా పట్టుకోండి, లేకపోతే పిండి వేడెక్కి తడి ఆరిపోతుంది.

ఇక అసలు సంగతి: నీళ్లు

అందరూ అడిగేది, 2 కిలోలకు ఎన్ని గ్లాసుల నీళ్లు అని. ఆ లెక్క చెప్పేవాళ్ల మాట నమ్మకండి. సకినాల పిండికి కావాల్సిన నీళ్లలో సగం మీరు కలపకముందే అందులో ఉన్నాయి. రాత్రి బియ్యం తాగినవి, పొద్దున మీరు ఆరబెట్టినా పోనివి. మీ బియ్యం పావుగంట ఆరాయి, పక్కింటివాళ్లవి గంట ఆరాయి. గిర్నిలో ఒకరికి పది నిమిషాలు పట్టింది, ఇంకొకరికి రెండు గంటలు. ఇద్దరికీ ఒకే గ్లాసు లెక్క ఎలా సరిపోతుంది? అందుకే ఇక్కడ చెయ్యి చెప్పిందే వినాలి.

ముందు పొడిపిండిని పరీక్షించండి. గుప్పెడు తీసుకుని గట్టిగా అదిమితే ముద్దయి, వేళ్ల గుర్తులు దాని మీద నిలవాలి. ఆ ముద్దను వేలితో పొడిస్తే ముక్కలైపోవాలి. ముద్దే కాకపోతే పిండి ఎండిపోయింది, నీళ్లు కొంచెం ఎక్కువ పడతాయి. పొడిచినా విడిపోకుండా వేలికి అంటితే బియ్యం సరిగా ఆరలేదు. దాన్ని బట్ట మీద పలుచగా పరిచి కాసేపు ఆగండి.

ఇప్పుడు నువ్వులు, ఓమ, ఉప్పు మొత్తం పిండికి పట్టించి, అందులోంచి పావు వంతు మాత్రమే వేరే గిన్నెలోకి తీసుకోండి. మొత్తం ఒకేసారి కలిపితే నేను ఒప్పుకోను. నలుగురు కూర్చున్నా 2 కిలోలు చుట్టడానికి చాలాసేపు పడుతుంది. కలిపిన పిండి అంతసేపు ఆగదు, పైన ఎండుతుంది. దాని మీద మళ్లీ నీళ్లు చల్లితే ఒకచోట మెత్తగా, ఒకచోట గట్టిగా ఉండలు కడుతుంది. ఆ ఉండల దగ్గరే సకినం పేలుతుంది.

నీళ్లు చెంబుతో పొయ్యవద్దు. చేత్తో చిలకరిస్తూ కలపాలి. చపాతీ పిండి కంటే వదులుగా, మినపగారెల పిండి కంటే గట్టిగా రావాలి. వచ్చిందనిపించగానే ఆపి, తడిబట్ట కప్పి పది నిమిషాలు వదిలెయ్యండి. ఈ పది నిమిషాలే చాలామంది మింగేస్తారు. పిండి ఆ లోపల నీళ్లు పీల్చుకుని బిగుస్తుంది. ముందే చాలినంత మెత్తగా కలిపామనుకున్నది గట్టిపడుతుంది, అప్పుడు మరో రెండు చిలకరింపులు.

తర్వాత నిమ్మకాయంత ముద్ద తీసుకుని, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య మెలితిప్పుతూ తాడులా దించండి. జానెడు తాడు తెగకుండా వేలాడితే పిండి సిద్ధం. తెగితే తడి చాలదు. సాగి సన్నబడి జారిపోతే తడి ఎక్కువ. ఎక్కువైతే పక్కన పెట్టిన పొడిపిండి ఉంది కదా, అందులోంచి గుప్పెడు వెయ్యండి. పావు వంతే కలపమన్నది ఇందుకే. మొత్తం కలిపేసినవాళ్లకు ఈ దారి మూసుకుపోయినట్టే.

నూనె కాచి పిండిలో పోస్తే కరకరలాడతాయని కొందరంటారు. నేను చేసి చూశాను. దుప్పటి మీంచి తీసేటప్పుడే విరిగాయి. సకినానికి కరకర నువ్వుల వల్ల, సరైన తడి వల్ల వస్తుంది. గొట్టంలో పెట్టి వత్తితే పని తొందరగా అవుతుందనేవాళ్లూ ఉన్నారు. అలా వత్తినవాటిని మురుకులంటారు.

చుట్టడం, ఆరబెట్టడం

మా అత్తమ్మ పిండితో చిన్న గౌరమ్మను చేసి, పసుపు కుంకుమ పెట్టాకే మొదటి సకినం చుట్టేది. నేనూ అదే చేస్తాను. దుప్పటి పరిచి, నడుమ చిన్న చుట్టుతో మొదలుపెట్టి, దాని చుట్టూ మూడు నాలుగు వరసలు. చుట్లు ఒకదాన్నొకటి తాకుతూ ఉండాలి. మెలిక కనిపించాలి. మొదటిసారి చేసేవాళ్లకు వంకర్లు పోతాయి, పోనివ్వండి. పిల్లలకు ఒక ముద్ద, ఒక మూల ఇచ్చెయ్యండి. విసుగొచ్చాక వాళ్లే పతంగులు పట్టుకుని మిద్దె ఎక్కుతారు.

ఇక్కడ రెండో ప్రమాదం ఉంది. చుట్టిన సకినం నీడలో ఓ అరగంట పైన ఆరాలి. ఫ్యాన్ మాత్రం వెయ్యవద్దు. ఫ్యాన్ గాలికి పైపొర బిగుసుకుపోతుంది, లోపలి తడి అలాగే ఉంటుంది. చేత్తో తాకితే ఆరిందనే అనిపిస్తుంది. కాగిన నూనెలో పడగానే లోపలి తడి ఆవిరై, బయటికి దారి లేక సకినాన్ని పగలగొట్టుకుని వస్తుంది. నా పెళ్లైన రెండో ఏడు జరిగింది ఇదే. తొందరపడి టేబుల్ ఫ్యాన్ పెట్టింది నేనే. మూడో వాయికి సకినం టపామని లేచింది, నూనె చుక్కలు వంటింటి పైకప్పు దాకా వెళ్లాయి. మోచేతి మీద మచ్చ ఇప్పటికీ ఉంది. అత్తమ్మ ఏమీ అనలేదు, ఫ్యాన్ ప్లగ్గు మాత్రం పీకేసింది.

ఆరిందో లేదో తెలియాలంటే దుప్పటినే అడగండి. అంచు పట్టుకుని కొంచెం పైకెత్తితే సకినం విరగకుండా దానంతటదే ఊడిరావాలి. కింద బట్ట మీద గుండ్రటి తడి గుర్తు కనిపించాలి. ఆ గుర్తు ఉందంటే బట్ట తన పని చేసింది. సకినం అంటుకుపోతే ఇంకా ఆగాలి. ముట్టుకోగానే ముక్కలైతే అతిగా ఎండింది, ఆ ముక్కల మీద నీళ్లు చల్లి మెదిపి మళ్లీ చుట్టుకోవచ్చు.

వేయించడం

పొయ్యి సాయమానులో (వసారాలో) నేల మీద పెట్టుకుంటాను, వంటింటి గట్టు మీద వద్దు. పిల్లలు ఆ చుట్టుపక్కల ఉండకూడదు, మూకుడుకు సరిపడే మూత చేతికి అందాలి. నూనె బాగా కాగాక మంట తగ్గించి, మొదట ఒక్క సకినమే వేసి రెండడుగులు వెనక్కి జరగండి. అది నిమ్మళంగా తేలి, నురగ తగ్గితే మిగతావి నాలుగైదు చొప్పున వెయ్యొచ్చు. పేలితే వాయి ఆపండి, మరో పావుగంట ఆరనివ్వండి. చువ్వతో ఒక్కసారే తిప్పాలి. పాలమీగడ రంగులో ఉండగానే తీసెయ్యండి. ఎర్రబడ్డ సకినం చేదెక్కుతుంది.

ఆ రోజు మధ్యాహ్నానికి ముద్దపప్పు, పచ్చిపులుసు పొద్దున్నే చేసి పెట్టండి. పచ్చిపులుసుకు ఎలాగూ పొయ్యి అక్కర్లేదు. రాత్రికి తపాలచెక్క. మిగిలిన పిండి, తడి ఎక్కువై దారికి రాని పిండి, అంతా దీనికే పనికొస్తుంది. నానిన శనగపప్పు, దంచిన పల్లీలు, ఉల్లాకు, పచ్చిమిర్చి వేసి మెత్తగా కలిపి, నూనె రాసిన తపాల లోపల పలుచగా అద్ది, నడుమ వేలితో గుంటలు చేసి, గుంటల్లో నూనె చుక్కలు వేసి, మూతపెట్టి సన్నమంట మీద కాల్చండి. ఉప్పు ముందే ఉంది, మళ్లీ వెయ్యకండి. ఒక్కోసారి సకినాల కంటే దీనికే కొట్లాట.

సకినాలు పూర్తిగా చల్లారాకే డబ్బాకెత్తండి. వెచ్చగా ఉండగా మూతపెడితే మూత లోపల చెమట పట్టి తెల్లారేసరికి మెత్తబడతాయి. హైదరాబాద్ పోయేవాళ్ల వాటా అదే రోజు వేరే డబ్బాల్లో కట్టి, పేర్లు రాసి, అటక మీద పెట్టెయ్యండి. కనుమ సాయంత్రం పంచుదామంటే పంచడానికేమీ మిగలదు. విరిగిన ముక్కల డబ్బా మాత్రం కింద, చాయ్ గిన్నె పక్కన ఉండనివ్వండి.