ఆపరేషన్ తర్వాత పెద్దవాళ్లు ఉన్నట్టుండి పొంతన లేకుండా మాట్లాడుతుంటే

నల్లకుంటలో మా ఇంట్లో నాన్న జారిపడితే తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే అయింది కానీ మూడో రోజు రాత్రి సెలైన్ పైపు పీకేసి, కాజీపేట బండి టైమైందని మంచం దిగబోయారు. వయసు కదా, మామూలే అన్నారు వార్డులో. మామూలు కాదు. పాతవాళ్లు సంధి అనేవారే, అదే డెలీరియం. మతిమరుపు జబ్బు నెలల తరబడి మెల్లగా ముదురుతుంది, ఇది గంటల్లో వస్తుంది, పొద్దున తగ్గి రాత్రికి పెరుగుతుంది.

ముందు డ్యూటీ డాక్టరుకు "మొన్నటిదాకా ఇలా లేరు" అని గట్టిగా చెప్పండి, ఎందుకంటే ఆయనకు మీ నాన్న ముందు ఎలా ఉండేవారో తెలియదు. యూరిన్ ఇన్ఫెక్షన్, న్యుమోనియా, షుగర్, ఆక్సిజన్ చూశారా, నొప్పికి మందు సరిపోతోందా అని అడగండి. మా నాన్నకు సోడియం 121 ఉంది (135 నుంచి 145 ఉండాలి), పైగా నాలుగు రోజులుగా మోషన్ కాలేదు, ఆ సంగతి ఎవరూ అడగలేదు, మాకూ తట్టలేదు. ఇంట్లో వేసుకునే మాత్రల స్ట్రిప్పులన్నీ కవర్లో వేసి తీసుకెళ్లండి. నిద్రమాత్రలు, కొన్ని అలర్జీ మాత్రలు దీన్ని పెంచుతాయి, కానీ ఏళ్లుగా వాడుతున్న నిద్రమాత్ర, రోజూ తాగే మద్యం ఒక్కసారిగా ఆగినా ఇదే వస్తుంది, కాబట్టి ఏదీ దాచకండి, మీ అంతట మీరు ఆపకండి.

గోల చేసేవాళ్లను అందరూ గమనిస్తారు. పలకకుండా, తినకుండా మగతగా పడి ఉండేవాళ్లకూ డెలీరియమే కావచ్చు, "పాపం రెస్ట్ తీసుకుంటున్నారు" అని వదిలేస్తాం, అదే నాకు ఎక్కువ భయం.

కళ్లద్దాలు, చెవి మిషన్ పెట్టండి. పగలు కర్టెన్ తీయండి, డాక్టరు సరేనంటే లేపి కూర్చోబెట్టండి, రాత్రి నిద్ర చెడనివ్వకండి. చుట్టాలంతా ఉప్పల్‌లో బస్సు దిగి ఒకేసారి వచ్చి "నన్ను గుర్తుపట్టావా పెదనాన్నా?" అని పరీక్ష పెడతారు, దయచేసి ఆపండి. "నేను నీ చిన్నకూతుర్ని నాన్నా, ఇది ఆసుపత్రి, కాలికి ఆపరేషన్ అయింది" అని మనమే చెప్పాలి, ఎన్నిసార్లయినా. వాదించొద్దు. చేతులు కట్టేస్తామంటే, నేను పక్కన ఉంటానని రాత్రి పాస్ అడగండి.

డిశ్చార్జ్ అయినా వారాలు, నెలలు పట్టొచ్చు, కొందరు పూర్తిగా మునుపటిలా అవ్వరు. అందాకా బ్యాంకు, ఆస్తి కాగితాల మీద సంతకాలు వద్దు. ఇంటికొచ్చాక ధ్యాస ఎంత కుదురుకుందో తెలియడానికి రోజూ వారాల పేర్లు శనివారం నుంచి వెనక్కి చెప్పమని అడిగి, ఎక్కడ ఆగారో రాసుకుని తర్వాతి చెకప్‌లో చూపించండి. మళ్లీ ఉన్నట్టుండి మగతగా అయినా, మాట తడబడినా, మూతి వంకరపోయినా తెల్లారేదాకా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.